రాజీనామా చేసి వెళ్లిపోయే ఆస్తి

2009 ఏప్రిల్ 13న హైదరాబాద్ ఐటీ కంపెనీ సత్యం కంప్యూటర్స్ వేలానికి వచ్చింది. ఆ రోజు దానికి నమ్మదగిన లెక్కల పుస్తకమంటూ లేదు. మూడు నెలల ముందు, జనవరి 7న, ఛైర్మన్ రామలింగరాజు లేఖతో ఆ పుస్తకాల గుట్టు బయటపడింది. బ్యాంకుల్లో ఉన్నట్టు చూపించిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవు. సెప్టెంబరు త్రైమాసికానికి 2,700 కోట్ల ఆదాయం చూపించారు, నిజంగా వచ్చింది 2,112 కోట్లు. 649 కోట్ల నిర్వహణ లాభం అన్నచోట తేలింది 61 కోట్లు. అమెరికాలో షేర్‌హోల్డర్లు దావాలు వేశారు. సరిదిద్దిన లెక్కలు వచ్చింది 2010 సెప్టెంబరులో. అంటే వేలంలో పాడేవాళ్లు దాదాపు కళ్లు మూసుకుని పాడాల్సిందే.

అయినా పాడారు. అమెరికా ఇన్వెస్టర్ విల్బర్ రాస్ షేరుకి 20 రూపాయలు అన్నాడు, ఎల్ అండ్ టీ 45.90 అంది, టెక్ మహీంద్రా 58 అంది. 31 శాతం వాటాకి 1,757 కోట్లు. అవి కొత్తగా జారీ చేసిన షేర్లు కాబట్టి ఆ సొమ్ము కంపెనీలోకే వచ్చింది. దాన్ని పక్కనపెట్టి అప్పటికే ఉన్న షేర్లను 58తో హెచ్చిస్తే సుమారు 3,900 కోట్లు తేలుతుంది.

ఈ 3,900 కోట్లు దేనికిచ్చినట్టు? నగదు ఉత్తిదని తేలిపోయింది. బహదూర్‌పల్లిలో క్యాంపస్ ఉంది, మాదాపూర్‌లో భవనాలున్నాయి, క్లయింట్ల నుంచి రావాల్సిన బాకీలున్నాయి, నిజమే. కానీ ఎంత పడుతుందో తెలియని కోర్టు ఖర్చులు కూడా తలమీదే ఉన్నాయి. క్యాంపస్‌ల కోసమైతే రియల్ ఎస్టేట్ వాళ్లు వచ్చేవాళ్లు. వచ్చినవాళ్లకు కావాల్సింది వేరు. జనవరి 8న కూడా ఆఫీసుకి వచ్చి లాగిన్ అయిన వేలాది ఇంజనీర్లు. ఏ క్లయింట్ సిస్టమ్‌లో ఏ బోల్టు వదులుగా ఉందో వాళ్లకున్న ఎరుక. పరువు పోయిన కంపెనీయే అయినా ఇప్పటికిప్పుడు వదిలి వెళ్లలేని క్లయింట్లు. దీన్నే మేధో మూలధనం అంటారు.

మేధో సంపత్తి వేరు, మేధో మూలధనం వేరు. పేటెంటు, కాపీరైటు, ట్రేడ్‌మార్కు లాంటివి మేధో సంపత్తి. అంటే చట్టం పట్టా ఇచ్చిన జ్ఞానం. మూలధనం అన్నప్పుడు పట్టా లేనిది కూడా లెక్కలోకి వస్తుంది. స్వీడన్ బీమా కంపెనీ స్కాండియా 1990ల్లో దీనికొక డైరెక్టర్‌ని, లీఫ్ ఎడ్విన్సన్‌ని, పెట్టుకుని వార్షిక నివేదికకు అనుబంధంగా మేధో మూలధనం లెక్కలు వెయ్యడం మొదలుపెట్టింది. అప్పటినుంచి దీన్ని మూడు ముక్కలుగా చెప్పడం అలవాటైంది. మనుషుల బుర్రల్లో ఉండేది ఒకటి. వాళ్లు సాయంత్రం ఇంటికి పోయాక కూడా ఆఫీసులో మిగిలేది రెండోది, అంటే కోడ్, పద్ధతులు, డాక్యుమెంట్లు, టూల్స్. బయటివాళ్లతో ఉన్న సంబంధం మూడోది. చెప్పుకోడానికి ఈ మూడు గదులు బాగానే ఉంటాయి. నిజానికి వీటి మధ్య గోడలు లేవు. అసలు చిక్కంతా అక్కడే.

ముందు లెక్కల సంగతి చూద్దాం. ఒక కంపెనీ వంద కంప్యూటర్లు కొంటే అవి బ్యాలెన్స్ షీట్‌లో ఆస్తి. వంద మందిని తీసుకుని ఆరు నెలలు శిక్షణ ఇస్తే అది ఖర్చు. మొదట్లో ఇది నాకూ విడ్డూరంగానే ఉండేది. కంప్యూటర్ రేటు రోజురోజుకీ పడిపోతుంది, మనిషి పనితనం పెరుగుతుంది, అయినా లెక్క తిరగబడి ఉంది. అకౌంటెంట్ల వాదన వింటే మాత్రం కొట్టిపారెయ్యలేం. ఇండ్ ఏఎస్ 38 అనే భారత అకౌంటింగ్ ప్రమాణం ప్రకారం ఒకదాన్ని ఆస్తి అనాలంటే అది కంపెనీ చేతిలో ఉండాలి. దాని వల్ల వచ్చే లాభాన్ని వేరేవాళ్లకు పోకుండా ఆపగలగాలి. ఉద్యోగి రేపు పొద్దున రాజీనామా మెయిల్ కొడితే కంపెనీ ఆపగలదా? ఆపలేదు. కాబట్టి ఆస్తి కాదు. సొంతంగా పెంచుకున్న బ్రాండూ, క్లయింట్ల జాబితా కూడా అంతే, పుస్తకంలోకి ఎక్కవు. సాఫ్ట్‌వేర్ తయారీకి పెట్టిన డబ్బులో పరిశోధన దశది ఖర్చు కిందే పోతుంది. ఇది పూర్తవుతుంది, అమ్ముడవుతుంది, దీనికైన ఖర్చు కచ్చితంగా కొలవగలం అని నిరూపించగలిగిన దశ నుంచి పెట్టినది మాత్రం ఆస్తిగా రాసుకోవాలి.

అయితే ఇన్నేళ్లు కంటికి కనిపించని ఈ ఆస్తి, కంపెనీని ఇంకొకరు కొన్న రోజున ఒక్కసారిగా పుస్తకంలో ప్రత్యక్షమవుతుంది. 2014లో ఫేస్‌బుక్ వాట్సాప్‌ని కొన్నప్పుడు జరిగింది ఇదే. అప్పటికి వాట్సాప్‌లో ఉన్నది 55 మంది. అంతకు ముందు ఏడాది ఆదాయం కోటి డాలర్ల పైచిలుకు, నష్టం దానికి పది రెట్ల పైనే. కొన్న ధర ఫేస్‌బుక్ పుస్తకాల్లో సుమారు 1,720 కోట్ల డాలర్లు. ఇంత పెట్టి ఏం కొన్నారో విడదీసి చూపించాలి కదా, చూపించారు. వాడుకరులకు 202.6 కోట్లు, పేరుకు 44.8 కోట్లు, టెక్నాలజీకి 28.8 కోట్లు. ఇవి కాక సుమారు 1,530 కోట్ల డాలర్లను గుడ్‌విల్ అనే ఒకే పద్దు కింద రాశారు. పన్ను లాంటి బాధ్యతల్ని తీసేస్తే మొత్తం మళ్లీ 1,720 కోట్ల దగ్గరికే వస్తుంది.

టెక్నాలజీ వాటా చూడండి, మొత్తం ధరలో రెండు శాతం కూడా లేదు. ప్రపంచమంతా వాడే యాప్, అందులో ఉన్నదంతా కోడే అనుకుంటాం. ఆ కోడ్‌కి కొన్నవాడు కట్టిన విలువ అంత. మరి గుడ్‌విల్ అంటే ఏమిటి? పద్దుల్లో పట్టనిదంతా తోసెయ్యడానికి పెట్టుకున్న అటక. కలిసి పనిచెయ్యడం మరిగిన ఆ 55 మంది జట్టు విలువ కూడా ఆ అటక మీదే ఉంది. జట్టుని విడిగా ఆస్తి కింద రాయొద్దని, గుడ్‌విల్‌లో కలిపెయ్యమని ప్రమాణాలే చెబుతాయి. తెలివైన లెక్కల మనుషులు కూర్చుని 1,720 కోట్లను పంచితే, అందులో దాదాపు తొంభై శాతానికి పేరు దొరకలేదన్నమాట. మేధో మూలధనం విలువ కట్టడం ఎంత కష్టమో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

మన దేశంలో దీనికి నేరుగా అంకె వెయ్యాలని ప్రయత్నించిన కంపెనీ ఇన్ఫోసిస్. బరూక్ లెవ్, అబా ష్వార్ట్జ్ అనే ఇద్దరు 1971లో ప్రతిపాదించిన పద్ధతితో ఏటేటా తన ఉద్యోగుల విలువను వార్షిక నివేదికలో అదనపు సమాచారంగా ప్రచురించేది. 2009 మార్చి నాటికి లక్షా నాలుగువేల పైచిలుకు ఉద్యోగులకు వేసిన విలువ లక్ష కోట్ల రూపాయలు దాటింది. ఆ ఏడాది కంపెనీ ఆదాయం 21,693 కోట్లు. చదవడానికి ఘనంగా ఉంటుంది. లెక్క విప్పి చూస్తే ఇంతే: ఈ ఉద్యోగి రిటైరయ్యేదాకా అందుకోబోయే జీతభత్యాలన్నీ కూడి, ఇవాళ్టి విలువకి తగ్గించడం. అంటే జీతం పెంచితే ఆస్తి పెరుగుతుంది. పనికిమాలినవాడికి పెద్ద జీతమిస్తే ఇంకా పెద్ద ఆస్తి. పైగా అందరూ రిటైరయ్యేదాకా ఇక్కడే ఉంటారన్నట్టు సాగే లెక్క, మూడేళ్లుంటే సీనియర్ అని పిలిచే పరిశ్రమలో! ఖర్చుకి ఆస్తి చొక్కా తొడిగారనే నా అభిప్రాయం. కనీసం ప్రశ్న అడిగారు, అది మెచ్చుకోవాలి. చాలా కంపెనీలు అదీ చెయ్యవు. 'మా ఉద్యోగులే మా ఆస్తి' అని మొదటి పేజీలో రాసి, లోపల పేజీల్లో వాళ్లని రిసోర్సులంటాయి.

సరే, అంకెలు వదిలేసి నేల మీదికి వద్దాం. అసలు ఈ జ్ఞానం చూడ్డానికి ఎలా ఉంటుంది?

నాకు రెండేళ్ల అనుభవం ఉన్నప్పటి సంగతి. ఒక బ్యాంకు క్లయింట్‌కి రోజువారీ లావాదేవీలు సరిపోల్చే జాబ్, అంటే తనంతట తాను నడిచే ప్రోగ్రామ్, ఒకటి మా టీమ్ చూసేది. అర్ధరాత్రి దాటాక నడుస్తుంది. అవతలి సిస్టమ్ పడేసిన ఫైలు చదివి, మన దగ్గరున్న ఎంట్రీలతో పోల్చి, తేడాలుంటే రిపోర్టు ఇస్తుంది. ఆ స్క్రిప్టు మధ్యలో ఒక వరుస: స్లీప్ 240. అంతే. నాలుగు నిమిషాలు ఊరికే ఆగుతుంది. పైన కామెంట్ లేదు, కింద కామెంట్ లేదు. రాసినాయన అంతకు ఏడాది ముందే మానేసి వెళ్లిపోయాడు. నేను తీసేశాను. ఇద్దరు రివ్యూ చేశారు, ఇద్దరూ ఓకే అన్నారు. రోజుకి నాలుగు నిమిషాలు ఆదా అని టీమ్ కాల్‌లో మా లీడ్ మెచ్చుకున్నాడు కూడా.

మూడు వారాలు ఏమీ కాలేదు. నెలాఖరు రాత్రి రిపోర్టు నిండా తేడాలే. వందల లావాదేవీలు అవతలివైపు లేవంటోంది. తెల్లవారుజామున నాలుగింటికి బ్రిడ్జ్ కాల్, అంటే అందరినీ కలిపే ఫోన్ మీటింగు, క్లయింట్ వైపు ఏడెనిమిది మంది, మా వైపు మ్యూట్‌లో నేను. కోడ్ అంతా చదివాం, తప్పెక్కడా లేదు. పొద్దున్నే పాత ఉద్యోగుల గ్రూపులో నంబర్ పట్టుకుని ఆయనకే ఫోన్ చేశాను. అప్పటికి డాలస్‌లో ఉన్నాడు.

"అన్నా, ఆ స్లీప్ ఎందుకు పెట్టావ్?"

"ఏరా, తీసేశావా?" అని నవ్వాడు. నెలాఖరున ఫైలు పెద్దదవుతుంది, అవతలివాళ్లు రెండు విడతలుగా రాస్తారు, మొదటి విడత పడగానే మన జాబ్ లేచి సగం ఫైలు చదివేసి వెళ్లిపోతుంది. "రెండు నెలాఖర్లు నేనే కూర్చుని చూశాను. మూడున్నర నిమిషాలు మించలేదు. అందుకే నాలుగు పెట్టా. వికీలో రాశానే, చూళ్లేదా?"

చూడ్డానికి ఆ వికీ, అంటే టీమ్ నోట్సు రాసుకునే పేజీలు, ఉంటేగా. ఏడాది కింద కంపెనీ ఒక టూల్ నుంచి ఇంకో టూల్‌కి మారింది. ఆర్నెల్లుగా ఎవరూ తెరవని పేజీలు తేనవసరం లేదన్నారు. అసలు అవసరమైన పేజీలు ఎవరూ రోజూ తెరవరు కదా, ఇంట్లో ఫ్యూజు వైరు లాగ.

డెన్మార్క్ కంప్యూటర్ శాస్త్రవేత్త పీటర్ నౌర్ 1985లోనే ఈ మాట అన్నాడు. ప్రోగ్రామ్ అంటే రాసిపెట్టిన కోడ్ కాదు, ఆ కోడ్ ఎందుకలా ఉందో తెలిసినవాళ్ల మనసులో ఉన్న అవగాహన. ఆ జట్టు చెదిరిపోతే ప్రోగ్రామ్ నడుస్తూ ఉన్నా చచ్చిపోయినట్టే, ఎందుకంటే దాన్ని తెలివిగా మార్చగలవాళ్లు ఇక లేరు. డాక్యుమెంటేషన్ ఎంత ఉన్నా ఆ అవగాహన మొత్తం తిరిగి పుట్టదని కూడా అన్నాడు. మొదట చదివినప్పుడు ఇది కాస్త అతి అనిపించింది. స్లీప్ 240 తర్వాత అనిపించలేదు. స్క్రిప్టు కంపెనీదే, భారత కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం ఉద్యోగంలో భాగంగా రాసినది యజమానిదే. ఆ 240 ఎందుకన్నది మాత్రం డాలస్‌లో ఉంది.

చట్టం సంగతి వచ్చింది కాబట్టి ఇంకో రెండు ముక్కలు. 'ఇక్కడ మానేస్తే ఏడాది పాటు పోటీ కంపెనీలో చేరకూడదు' అని ఆఫర్ లెటర్లో రాసి భయపెడుతుంటారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 ప్రకారం, బతుకుతెరువును అడ్డుకునే ఇలాంటి ఒప్పందం ఉద్యోగం వదిలాక చెల్లదు. రహస్యాలు బయటపెట్టకూడదన్న షరతు వేరు, అది చెల్లుతుంది. పేటెంట్ దారి కూడా ఇరుకే, కంప్యూటర్ ప్రోగ్రామ్‌కి దానికదిగా పేటెంట్ ఇవ్వరని పేటెంట్ల చట్టం సెక్షన్ 3 చెబుతుంది. అంటే మన దేశంలో సాఫ్ట్‌వేర్ కంపెనీకి అసలు సరుకు మీద తాళం వేసే వీలు బహు తక్కువ. అందుకే తాళానికి బదులు తాడు కడతాయి: తొంభై రోజుల నోటీస్ పీరియడ్, ఉండిపోతే ఇచ్చే బోనస్, నాలుగేళ్లకు గానీ చేతికి పూర్తిగా రాని షేర్లు.

తాడు తెగే కాలాలూ ఉంటాయి. 2022 జూన్‌తో ముగిసిన పన్నెండు నెలల్లో ఇన్ఫోసిస్‌లో స్వచ్ఛందంగా మానేసినవాళ్లు 28.4 శాతం. అంటే వంద మందిలో ఇరవై ఎనిమిది మంది. అయినా కంపెనీ కూలిపోలేదు. పని ఆగలేదు, ఆదాయం పెరిగింది కూడా. మనుషులే సర్వస్వం అనే నా మాటకి ఇది అడ్డమే, ఒప్పుకోవాలి. దీని వెనక ఉన్నది రెండో రకం మూలధనం. ముప్పై ఏళ్లుగా మన సర్వీస్ కంపెనీలు కూడబెట్టుకున్నది ఏ ఒక్క మేధావి మీదా ఆధారపడకుండా పని నడిపే పద్ధతి. కాలేజీ నుంచి వేలమందిని తీసుకోవడం, కొన్ని నెలల్లో క్లయింట్ ముందు కూర్చోబెట్టగలగడం, ఒకరు పోతే ఇంకొకరిని ఆ కుర్చీలోకి జరపడం. కంపెనీ బయట దానికి తోడు హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్ల అమీర్‌పేట్ ఉంది. ఏ టెక్నాలజీకి గిరాకీ వస్తే ఆ బోర్డు వారంలో కట్టేసే వీధి. తెలుగువాళ్ల మేధో మూలధనంలో కొంత ఆ మెట్ల కింద గదుల్లోనే తయారైంది. ఏ కంపెనీ పుస్తకంలోనూ అది లేదు.

కానీ ఈ పద్ధతి మార్చగలిగేది కుర్చీలో మనిషిని. స్లీప్ 240 లాంటివి ప్రతి మార్పులోనూ కొన్ని రాలిపోతాయి. రాలిపోయినట్టు ఆ రోజు తెలియదు, ఏ నెలాఖరుకో తెలుస్తుంది. పైగా పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, లోపల పదేళ్లుగా ఉన్నవాడికి పది శాతం హైక్ ఇవ్వడానికి ఏడుస్తారు. అతను మానేశాక అదే సీటుకి బయటివాడిని నలభై శాతం ఎక్కువకి తెస్తారు. వచ్చినవాడికి ఆర్నెల్లు ఏమీ తెలియదు. ఆ ఆర్నెల్ల నష్టం రాసుకునే పద్దు ఎక్కడా లేదు కాబట్టి మేనేజర్ బడ్జెట్‌లో అది జరగనట్టే.

దీనికి రొక్కంలో ధర తేలే చోటు ఒకటుంది. విదేశీ కంపెనీలు హైదరాబాద్‌లో సొంత సెంటర్లు, ఈమధ్య అందరూ అంటున్న జీసీసీలు (గ్లోబల్ కేపబిలిటీ సెంటర్లు), తెరుస్తున్నాయి. కొన్ని నేరుగా తెరవకుండా ముందు ఒక సర్వీస్ కంపెనీతో టీమ్ కట్టించి, కొన్నేళ్లు నడిపించి, ఆపైన టీమ్ మొత్తాన్ని తమ పేరుకి మార్చుకుంటాయి. ఆ ఒప్పందంలో తలకి ఇంత అని బదిలీ రుసుము ఉంటుంది. కుర్చీలు అవే, లాప్‌టాప్‌లు మారతాయి, మెడలో ట్యాగ్ రంగు మారుతుంది. మరి డబ్బు దేనికిచ్చారు? ఆ టీమ్ ఒకరి పని ఒకరు ఎరిగి ఉన్నందుకు. విడివిడిగా అదే అనుభవం ఉన్న నలభై మందిని బజార్లో ఏరుకుని తెచ్చి కూర్చోబెడితే మాత్రం ఆ సుళువు రాదు. మూడు గదుల మధ్య గోడల్లేవు అన్నది ఇందుకే.

సత్యంలో కూడా అదే జరిగిందనుకుంటాను. కొన్నవాళ్లు మనుషులందరినీ నెత్తిన పెట్టుకోలేదు. పనిలేని వేలమందిని వర్చువల్ పూల్ పేరుతో తక్కువ జీతానికి ఇంట్లో కూర్చోబెట్టారు, అది ఆ కుటుంబాలకు చేదు ఏడాది. కొందరు క్లయింట్లు పోయారు. మిగిలినవాళ్లు ప్రేమతో మిగల్లేదు. తమ సిస్టమ్ గురించి తమకంటే హైదరాబాద్‌లో ఎవరికో ఎక్కువ తెలుసు, వాళ్లని వదులుకుంటే నెలాఖరు ఎలా గడుస్తుందో తెలియదు. 2010 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌కి ఐటీ సేవలు మహీంద్రా సత్యం పేరుతోనే అందాయి. 2013లో టెక్ మహీంద్రాలో కలిసిపోయింది.

ఇప్పుడు కోడ్ రాసే ఏఐ టూల్స్ వచ్చాయి కదా, ఇదంతా మారిపోదా అని అడుగుతారు. కోడ్ చవకవుతోంది, అది కళ్లముందు కనిపిస్తూనే ఉంది. కానీ నా స్క్రిప్టుని అలాంటి టూల్‌కిస్తే ఆ స్లీప్ అనవసరం, తీసెయ్యండి అని నాకంటే మర్యాదగా చెప్పి ఉండేదని నా అనుమానం. కారణం ఫైల్లో లేనప్పుడు ఫైలు చదివేవాడు మనిషైనా యంత్రమైనా ఒకటే.

ఆ తర్వాత కొన్నేళ్లకు నేనూ మానేశాను. స్లీప్ 240 మళ్లీ పెట్టి, పైన ఐదు వరుసల కామెంట్ రాసే ఉంచాను. నోటీస్ పీరియడ్‌లో కేటీ సెషన్లు, అంటే నాకు తెలిసింది తర్వాతివాడికి అప్పజెప్పే మీటింగులు, పెట్టారు, పదకొండు గంటల రికార్డింగ్ అయింది. తీసుకునే కుర్రాడు బుద్ధిమంతుడే, కెమెరా ఆఫ్, మ్యూట్. ఏమైనా డౌట్లున్నాయా అని అడిగితే ప్రతిసారీ ఒకటే మాట: "రికార్డింగ్ లింక్ పంపు అన్నా, చూసుకుంటా." ఏడాది తర్వాత పాత సహోద్యోగి ఒకరు కలిస్తే, ఆ వీడియోలు ఎంతమంది చూశారో చెప్పమన్నాను. ఫోన్‌లోనే తెరిచి చూశాడు. మొదటి భాగానికి నాలుగు వ్యూస్. అందులో రెండు నావే, ఆడియో సరిగ్గా వచ్చిందో లేదో చూసుకున్నవి.